కౌంటర్ వెనక ఫార్మసిస్ట్ ఎవరో జనానికి కనపడనివ్వండి

ఆంధ్రప్రదేశ్ ఫార్మసీ కౌన్సిల్ అధ్యక్షులకు, సభ్యులకు, ఔషధ నియంత్రణ శాఖ అధికారులకు,

నమస్కారం.

విజయవాడలో ఒక మెడికల్ షాపులో రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్‌గా పనిచేస్తున్నాను. గుంటూరులో బీఫార్మసీ చదివాను. నాతో చదివినవాళ్లలో చాలామంది హైదరాబాద్ కంపెనీలకి వెళ్లిపోయారు, కొందరు అమెరికాలో ఉన్నారు. నేను కౌంటర్ దగ్గరే ఉండిపోయాను, ఇష్టపడే ఉన్నాను. మందు తయారయ్యే చోట ఎంతమంది ఉన్నా, అది మనిషి చేతిలో పడే చోట కూడా తెలిసినవాళ్లు ఒకరు నిలబడాలి కదా. ఆ చోటు గురించే ఈ ఉత్తరం. మీతో పాటు నలుగురూ చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

ఫార్మసిస్టుల్ని జనం ఎలా చూస్తున్నారన్న మాట మన సభల్లో వచ్చినప్పుడల్లా "ప్రజల్లో అవగాహన లేదు" అని తేల్చేస్తుంటారు. ఏటా సెప్టెంబర్ 25న ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం చేస్తాం, శాలువాలు కప్పుకుంటాం, అదే మాట ఇంకోసారి అనుకుంటాం. ఆ మాట నేను ఒప్పుకోను. జనం తమకి కనిపించినదాన్ని బట్టే ఒక అభిప్రాయానికి వస్తారు. వాళ్లకి కనిపిస్తున్నదేమిటో ఒకసారి చూడండి.

గవర్నర్‌పేటలోనో సూర్యారావుపేటలోనో ఆస్పత్రులున్న వీధిలో, సాయంత్రం ఏడింటికి ఏ మందుల షాపు ముందైనా నిలబడండి. కౌంటర్ ముందు మూడు వరసల జనం. ఇవతల్నుంచి చేతులు చాపి చీటీలిస్తుంటారు. అవతల నలుగురైదుగురు కుర్రాళ్లు అరల్లోంచి చకచకా తీసి పెడుతుంటారు. షీటు కత్తిరించడం, కవర్లో వేయడం, కవరు మీద పెన్నుతో 1-0-1 అని గీకడం, డబ్బులు తీసుకోవడం. "పొద్దునొకటి, రాత్రొకటి, తిన్నాక వేసుకోండి." అంతే, ఇంకో చీటీ. వీళ్లలో ఫార్మసిస్ట్ ఎవరు? ఏళ్ల తరబడి అదే షాపుకి వస్తున్నవాళ్లని అడిగినా చెప్పలేరు. గోడకి ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఉంటుంది. అందులో పేరున్న మనిషి ఆ పూట షాపులో ఉన్నారో లేదో ఎవరికీ పట్టదు.

ఆ కుర్రాళ్లని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. వేల బ్రాండ్ల పేర్లు, ఏది ఏ అరలో ఉందో వాళ్లకి నోటికొచ్చు. డాక్టర్ల రాత నాకంటే బాగా చదువుతారు. పొద్దున్నుంచి రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే ఉంటారు. కానీ మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో, దేంతో కలిస్తే ప్రమాదమో వాళ్లకి ఎవరూ నేర్పలేదు, అది వాళ్ల బాధ్యత అని చట్టమూ అనలేదు. డాక్టర్ రాసిన మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టేనని 1948 ఫార్మసీ చట్టంలో 42వ సెక్షన్ చెబుతోంది. ఆ పని ఫార్మసిస్ట్ చేతుల మీదుగానైనా, దగ్గరుండి చూస్తుండగానైనా జరగాలని 1945 డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు చెబుతోంది. ఇవి మీకు తెలియనివి కావు. తెలియాల్సింది కౌంటర్ అవతల నిలబడ్డవాళ్లకి.

ఫార్మసిస్ట్ ఉంటే ఏం తేడా వస్తుందని చాలామంది అడుగుతారు, షాపు యజమానులతో సహా. ఒక సాయంత్రం జరిగింది చెప్తాను.

కృష్ణలంక నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వాళ్లావిడకి ఇన్సులిన్. వేసుకునే పెన్ను పాడైంది, కొత్తది వచ్చేదాకా సిరంజితో గడిపేద్దామని "ఇన్సులిన్ సిరంజీలు ఓ నాలుగివ్వమ్మా" అన్నారు. మామూలుగా అయితే అర నిమిషం పని. "ఏ ఇన్సులిన్‌కి బాబాయ్‌గారూ?" అని అడిగాను. చొక్కా జేబులోంచి పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ తీసి చూపించారు. అందులో మిల్లీలీటరుకి 100 యూనిట్లుంటాయి. మన దగ్గర ఎక్కువగా వాడే సీసా ఇన్సులిన్‌లో 40 ఉంటాయి. సీసాకి వాడే సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్లదానికి నారింజరంగు మూత. షాపుల్లో ఎక్కువగా దొరికేది ఎర్ర మూతదే. దాంతో ఆ కార్ట్రిడ్జ్‌లోంచి 10వ గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. రెండున్నర రెట్లు. రాత్రి భోజనానికి ముందు అది వేసుకుని పడుకుంటే, నిద్రలోనే షుగర్ పడిపోతే, పక్కన పడుకున్న మనిషికి కూడా తెలియకపోవచ్చు.

కవరు వెనక గీసి చూపించాను. డాక్టర్‌గారి క్లినిక్‌కి ఫోన్ చేసి, వాళ్లు సరేనన్నాక, అదే ఇన్సులిన్ సీసాలో ఉన్నది, దానికి సరిపోయే సిరంజీలు ఇచ్చాం. ఆయన డబ్బులిస్తూ "నువ్వు డాక్టరువా అమ్మా?" అన్నారు. ఫార్మసిస్టునండీ అన్నాను. "అంటే షాపు మీదేనా?" అన్నారు. ఆ పెద్దాయన చదువుకున్న మనిషే. ఈ పనికి ఒక చదువుందని, ఆ చదువుకి ఒక రిజిస్ట్రేషన్ ఉందని ఇన్నేళ్లలో ఎవరూ ఆయనకి చూపించలేదు.

గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్లే దారిలో నా స్నేహితురాలు షాపు నడుపుతోంది. యార్డులో బస్తాలు మోసే ఒకతను ఆయాసంతో వచ్చాడట, డాక్టర్ మందు పనిచేయడం లేదని. ఏ మందని అడిగితే పొడి ఉండే క్యాప్సూల్స్ డబ్బా చూపించాడు. వాటిని పరికరంలో పెట్టి పీల్చాలి. అతను పూటకొకటి నీళ్లతో మింగుతున్నాడు. ఇంతకుముందు కొన్నచోట డబ్బా ఇచ్చారు, పరికరం ఇవ్వలేదు, ఎలా వాడాలో ఒక్క ముక్క చెప్పలేదు. తను అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, పరికరంలో క్యాప్సూల్ పెట్టడం, గాలి పూర్తిగా వదిలి తర్వాత గట్టిగా లోపలికి లాగడం, కాసేపు ఊపిరి బిగబట్టడం చేయించి చూసి పంపింది. మిరప ఘాటులో పగలంతా పనిచేసే మనిషికి అది పెద్ద సాయం. మొదట అమ్మిన షాపులోనూ గోడకి ఒక ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ ఉండే ఉంటుంది కదా. ఆ మనిషి ఎక్కడున్నట్టు?

ఇక్కడ నేను సర్టిఫికెట్ల అద్దె గురించి రాయక తప్పదు. మన వృత్తిలో అందరికీ తెలిసి, ఎవరూ వేదిక మీద ఎత్తని విషయం ఇది. నేను ఉద్యోగం వెతుక్కుంటున్న రోజుల్లో ఒక యజమాని ఎంతో మర్యాదగా "రోజూ రానక్కర్లేదమ్మా, సర్టిఫికెట్ పెడితే చాలు, నెల నెలా అకౌంట్లో వేస్తాను" అన్నాడు. ఆయన దాన్ని తప్పనుకోలేదు, నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. ఈ పద్ధతి వల్ల నష్టం మొదట రోగికి, తర్వాత నిజంగా పనిచేసే ఫార్మసిస్టుకి. సర్టిఫికెట్‌కి ఇంత, కుర్రాడికి ఇంత అని లెక్క వేసుకున్న యజమానికి, పూర్తి జీతమిచ్చి ఫార్మసిస్టుని కూర్చోబెట్టుకోవడం దండగ ఖర్చులా కనిపిస్తుంది. అందుకే మా జీతాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అందుకే పెళ్లి సంబంధాల వాళ్లు "ఫార్మా కంపెనీలో అయితే పర్లేదు గానీ, మెడికల్ షాపులోనా?" అంటారు. అందుకే కౌంటర్లో ఉన్న నన్ను చూసి "అమ్మాయ్, షాపాయన లేడా? ఆయన్ని పిలువు" అంటారు. మన పనిని మనమే అద్దెకిచ్చి అమ్ముకుంటుంటే జనం దానికి వేరే విలువ ఎందుకిస్తారు?

జనం మమ్మల్ని మొదట అడిగేది డిస్కౌంట్. "పక్క వీధిలో ఇరవై పర్సెంట్ ఇస్తున్నారు, మీరెంత?" ఇందులో వాళ్లని తప్పుపట్టను. నెల నెలా బీపీకి, షుగర్‌కి, థైరాయిడ్‌కి మందులు కొనే ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్కుంటుంది. ధరల నియంత్రణలో ఉన్న మందుల గరిష్ఠ ధర లెక్కగట్టేటప్పుడు 2013 ఉత్తర్వు ప్రకారం రిటైలర్‌కి కలిపేది 16 శాతం. షాపు అద్దె, కరెంటు, జీతాలు అందులోంచే రావాలి. ఫార్మసిస్ట్ పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పినా, చెప్పకుండా కవరు చేతిలో పెట్టినా షాపుకి వచ్చే డబ్బు ఒకటే. అలాంటప్పుడు చెప్పేవాళ్లకంటే తగ్గించి ఇచ్చేవాళ్లే జనానికి మంచివాళ్లుగా కనిపిస్తారు. ఇంకో సంగతి, "ఇదే మందు తక్కువ ధరలో ఉన్నది ఇవ్వండి" అని అడిగితే, అది షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందు, అయినప్పుడు చీటీలో రాసిన బ్రాండు బదులు వేరేది ఇచ్చే అధికారం రూల్స్ మాకు ఇవ్వలేదు. కాదంటే మాత్రం "కమిషన్ కోసం ఇదే అంటగడుతున్నారు" అనుకుంటారు. ఈ రూలు మార్చడం మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. కనీసం ఈ విషయం జనానికి చెప్పేవాళ్లన్నా ఉండాలి.

ఇక మన ఊళ్లలో ఉన్న పాత అలవాటు, "రెండు డోసులు కట్టివ్వండి". ఒళ్లు నొప్పులు, జలుబు, జ్వరం, ఏదైనా సరే. రంగురంగుల బిళ్లలు నాలుగు కాగితంలో చుట్టి ఇస్తారు, పేరుండదు, ఎక్స్‌పైరీ తేదీ ఉండదు. అందులో ఒక నొప్పుల బిళ్ల, ఒక గ్యాస్ బిళ్ల, చాలాసార్లు ఒక స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్. వానాకాలం జ్వరాల్లో ఇది మరీ ప్రమాదం. అది డెంగీ అయితే ఆ నొప్పుల బిళ్లే రక్తస్రావానికి దారితీయొచ్చు. నేను కట్టివ్వను అంటే "పైన షాపులో ఇస్తారులే" అని వెళ్లిపోతారు, నిజంగానే ఇస్తారు. యాంటీబయాటిక్ ఐదు రోజులకి రాస్తే "రెండు చాలు, తగ్గకపోతే మళ్లీ వస్తా" అంటారు. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని 2016 నుంచి కేంద్ర ఆరోగ్య శాఖ చెబుతున్నా, ఆ గీత అర్థం కౌంటర్ దగ్గర చెప్పకపోతే ఇంకెక్కడ చెప్తారు? ఇంకా కట్టడి ఎక్కువున్న షెడ్యూల్ హెచ్1 మందులు (కొన్ని యాంటీబయాటిక్స్ లాంటివి) అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలన్న నియమం 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. వివరాలు అడిగితే జనం విసుక్కుంటారు, "మందులకి కూడా ఆధార్ కార్డు తేవాలా?" అంటారు. అన్ని షాపులూ అడిగితే విసుగు పోతుంది. కేరళలో 2024లో ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేని యాంటీబయాటిక్ అమ్మకాల మీద తనిఖీలు పెట్టారు, ఫిర్యాదు చేసే అవకాశం జనానికే ఇచ్చారు. అలాంటిది మన దగ్గర ఎందుకు చేయకూడదు?

జనంలో మా మీద నమ్మకం లేదని అనుకోకండి. ఉంది, చాలా ఉంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయిన వార్త వచ్చినప్పుడు, చంటిపిల్లల తల్లులు ఇంట్లో ఉన్న సీసాలు పట్టుకుని మా కౌంటర్ దగ్గరికే వచ్చారు. "అక్కా, ఇది పట్టొచ్చా?" అని అడిగారు. బ్యాచ్ నంబర్ చూసి చెప్పాం. రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వకూడదని, ఐదేళ్లలోపు వాళ్లకి మామూలుగా అవసరమే ఉండదని కేంద్రం చెప్పిన సంగతి వివరించాం. ఆ వారంలో ఒక్కరు కూడా డిస్కౌంట్ అడగలేదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు కూడా అంతే. నీళ్లు తీశాక కొందరు తడిసి ముద్దయిన చీటీలతో, కొందరు ఖాళీ షీట్లతో, కొందరు ఏమీ లేకుండా వచ్చారు. "పొద్దున పరగడుపున వేసుకునే చిన్న తెల్ల బిళ్ల", "గుండెకి వేసుకునే గులాబీ రంగుది", ఇలాంటి గుర్తులతోనే వాకబు చేసుకుంటూ, పాత బిల్లులు కంప్యూటర్లో వెతికి, డాక్టర్లకి ఫోన్లు చేసి, ఎవరి మందు వాళ్లకి చేర్చాం. కరెంటు లేక ఫ్రిజ్‌లో పాడైన ఇన్సులిన్ వాడొద్దని ఒక్కొక్కరికీ చెప్పాం. బిల్లు ఉన్నవాళ్లవి దొరికాయి, బిల్లు వద్దని వెళ్లిపోయేవాళ్లవి దొరకలేదు. అప్పట్నుంచి నేను బిల్లు లేకుండా ఎవర్నీ పంపడం లేదు.

అవసరం వచ్చినప్పుడు ప్రభుత్వం కూడా మమ్మల్ని ఆరోగ్య వ్యవస్థలో భాగంగానే లెక్కవేస్తుంది. టీబీ మందులు కొన్నవారి వివరాలు తెలియజేయాలని 2018లో గెజిట్ ఇచ్చి మందుల షాపుల్నీ అందులో చేర్చారు. 2020లో కోవిడ్ మొదలైనప్పుడు జ్వరం, దగ్గు మందులు కొన్నవాళ్ల వివరాలు రాసి ఇవ్వమన్నది మమ్మల్నే. లాక్‌డౌన్‌లో అన్నీ మూసినా మేం షట్టర్ ఎత్తే ఉంచాం. ఆ రెండేళ్లు గడిచాక మళ్లీ మామూలే, మేం షాపు వాళ్లమే.

అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చిన అమ్మానాన్నలు మా షాపుకొచ్చి ఆశ్చర్యంగా చెప్తుంటారు, అక్కడ ఫ్లూ టీకా మందుల షాపులోనే వేశారని, మందు తీసుకునేటప్పుడు ఫార్మసిస్ట్ పిలిచి మాట్లాడాడని. ఇంగ్లండులో 2024 జనవరి నుంచి గొంతు నొప్పి, చెవి నొప్పి లాంటి ఏడు రకాల ఇబ్బందులకి నేరుగా ఫార్మసిస్ట్ దగ్గరికే వెళ్లే ఏర్పాటు చేశారు. టీకాలు వేసే అధికారం ఇమ్మని నేను అడగడం లేదు. ఉన్న చట్టం చెప్పిన పని చేయనిస్తే చాలు. 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చదివితే నాకు ఎంత ధైర్యం వస్తుందో చెప్పలేను. తెల్ల కోటు వేసుకోవాలి, పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలి, మందు ఎందుకో, ఎంతో, ఎన్నాళ్లో, ఎలా దాచుకోవాలో, ఒక డోసు మర్చిపోతే ఏం చేయాలో, ఏ ఇబ్బంది వస్తే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలో రోగికి చెప్పాలి అని అందులో ఉంది. మన ఊళ్లో తెల్ల కోటు వేసుకున్న ఫార్మసిస్టుని చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసేటప్పుడు ఆ ఫార్మసిస్ట్ ఏ షాపులో, ఏ వేళల్లో పనిచేస్తున్నారో రాయించండి. ఔషధ నియంత్రణ శాఖ దగ్గరున్న షాపు లైసెన్సుల వివరాలతో దాన్ని సరిచూడండి. ఒకే పేరు రెండు చోట్ల ఉన్నా, విశాఖలో చదువుకుంటున్న మనిషి విజయవాడ షాపులో ఉన్నట్టు చూపించినా అక్కడే బయటపడుతుంది. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్లు పొద్దున పదకొండింటికి కాకుండా రద్దీ ఉండే సాయంత్రం ఏడింటికి రావాలి. ఇప్పుడు వాళ్లు వస్తే ముందుగా చూసేవి బిల్లులు, స్టాకు, ఫ్రిజ్. అవన్నీ కావాల్సినవే. దాంతో పాటు "ఫార్మసిస్ట్ ఎవరు?" అని కౌంటర్ ముందున్న జనం వినేలా అడగండి.

షాపు ముందు తెలుగులో, దూరం నుంచి కూడా చదవగలిగే అక్షరాలతో ఒక బోర్డు పెట్టించండి. ఇప్పుడు డ్యూటీలో ఉన్న ఫార్మసిస్ట్ పేరు, ఫొటో, రిజిస్ట్రేషన్ నంబర్, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా ఉంటారో రాయాలి. కింద ఒక వాక్యం: "మీ మందు గురించి వీరిని అడగండి, ఇది మీ హక్కు." గోడ మీద వేలాడే సర్టిఫికెట్ ఇన్నేళ్లలో చేయలేని పని ఈ బోర్డు చేస్తుంది. ఎందుకంటే బోర్డులో పేరున్న మనిషి కౌంటర్లో లేకపోతే అడిగేది మొదట రోగే.

కాలేజీల గురించి ఒక్క మాట. గుంటూరు చుట్టుపక్కలా, విజయవాడలోనూ ఇన్ని ఫార్మసీ కాలేజీలున్నాయి. పిల్లలు ఫార్మకాలజీ అంతా ఇంగ్లీషులో చదువుతారు, పరీక్షలు బాగా రాస్తారు. కానీ ఒక ముసలామెకి "ఈ బిళ్ల వారానికి ఒక్కటే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది" అని తెలుగులో, ఆమెకి భయం కలగకుండా, మర్చిపోకుండా చెప్పడం ఎవరూ నేర్పరు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ విషయంలో ఆ ఒక్క వాక్యం చెప్పకపోవడం వల్ల ప్రమాదాలు జరుగుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. ట్రైనింగ్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే ముందు, ఆ విద్యార్థి కౌంటర్లో నిలబడి రోగితో తెలుగులో మాట్లాడటం ఎవరైనా చూశారా అని అడగండి. ఇన్సులిన్ సిరంజీలు, ఇన్‌హేలర్లు, వారానికొక్కసారి వేసుకునే మందులు, థైరాయిడ్ మాత్రలు, వీటి మీద తెలుగులో ఒక్కో పేజీ కరపత్రాలు కౌన్సిల్ తరఫున అచ్చువేసి అన్ని షాపులకీ పంపండి. బొమ్మలతో ఉంటే ఇంకా మంచిది. రాసే పని ఉంటే మా షాపు మూసే వేళ దాటాక కూర్చుని రాయడానికి నేనూ, నా స్నేహితురాలూ సిద్ధంగా ఉన్నాం.

ఈసారి సెప్టెంబర్ 25కి శాలువాల ఖర్చు ఆపి, ఆ బోర్డులు వేయించండి. మొదట ఈ రెండు ఊళ్లలో ఆస్పత్రులున్న వీధుల్లో, గవర్నర్‌పేటలో, సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో మొదలుపెట్టండి. మా షాపులో మొదటి బోర్డు పెట్టడానికి యజమానిని ఇప్పటికే ఒప్పించాను. నమూనా ఎలా ఉండాలో మీరు ఖరారు చేసి పంపితే చాలు.

గౌరవంతో,
ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్ట్,
విజయవాడ